గోడ మీద మా పిల్లలు

మేమిద్దరం భార్యాభర్తలం. షార్జాలో ఉంటాం. ఇద్దరం ఇంటర్మీడియట్ వరకే చదువుకున్నాం, ఇద్దరివీ గుమాస్తా ఉద్యోగాలే. ఒకరిది దుబాయ్‌లో షిప్పింగ్ ఆఫీసులో కాగితాల పని, ఇంకొకరిది ఇక్కడే ఒక క్లినిక్కులో బిల్లుల పని. మాకు ఒక పాప, ఒక బాబు. పాపకు పదేళ్లు నిండాయి, బాబుకు ఆరు దాటాయి. ఏటా డిసెంబరులో మేము చేసే ఒక పని గురించి నలుగురికీ చెబితే ఉపయోగపడుతుందని మిత్రులు అంటే ఇది రాస్తున్నాం.

ఆ పని పెద్దదేమీ కాదు. ఏడాది పొడుగునా పిల్లలకు తీసిన ఫొటోల్లో పన్నెండు ఏరి, నెలకొకటి చొప్పున గోడ క్యాలెండర్ వేయించి, రెండు వైపుల పెద్దవాళ్లకు పంపుతాం. ఒకటి రాజోలు దగ్గర మా నాన్నగారింటికి, ఇంకొకటి పాలకొల్లులో మా అత్తగారింటికి. మొదటిది 2017 సంవత్సరానికి వేయించాం. 2026ది పదోది. పండక్కి బట్టలు పెట్టడం ఒక ఏడు కుదురుతుంది, ఒక ఏడు కుదరదు. క్యాలెండర్ మాత్రం ఇంతవరకు ఆగలేదు.

క్యాలెండరే ఎందుకు?

ఫొటోలు ఫోనులో పంపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. 2016లో మా నాన్నగారి దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందులో ఫొటోలు రావు. ఆల్బం చేయించి పంపితే బీరువాలో చీరల మడతల కింద పెట్టి, చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం తీస్తారు. ఫ్రేము కట్టిస్తే రెండు నెలలకు కళ్లకు అలవాటైపోతుంది, ఇక దాని వంక చూసేవాళ్లుండరు.

క్యాలెండర్ సంగతి అలా కాదు. మన ఇళ్లలో క్యాలెండర్ పని చేసే వస్తువు. తిరుమల దేవస్థానం క్యాలెండర్ పూజ గదిలో ఉంటే, వెంకట్రామా వారి క్యాలెండర్ వంటింటి గుమ్మం పక్కన ఉంటుంది. పాలు ఏ రోజు ఎన్ని పోయించుకున్నదీ, గ్యాస్ బండ ఎప్పుడు మార్చిందీ, కొబ్బరికాయల దింపు ఎప్పుడైందీ, పనిమనిషి ఏ రోజు నాగా పెట్టిందీ అన్నీ దాని గళ్లలోనే రాస్తారు. రోజుకు పదిసార్లు దాని ముందు నిలబడతారు. అలా నిలబడినప్పుడల్లా మనవరాలి మొహం కనబడితే బాగుంటుందని మాకు అనిపించింది.

మొదటి క్యాలెండర్‌ను ఊరు వెళ్లే మిత్రుడొకాయన పెట్టెలో బట్టల అడుగున పరిచి పంపించాం. అందాక నాన్నగారు ఫోను చేశారు. ఫొటోల గురించి ఒక్క ముక్క, మిగతాదంతా ఫిర్యాదు. "బొమ్మలు బాగానే ఉన్నాయి గానీ, అమావాస్య ఎప్పుడో చెప్పని క్యాలెండరు ఏం క్యాలెండర్రా? రాహుకాలం లేదు, ఏకాదశి లేదు. దీన్ని నమ్ముకుంటే నేను ఏ పనీ మొదలెట్టలేను." దాన్ని ముందు గదిలో వేలాడదీసి, లెక్కలు మాత్రం ఆ ఏడాదంతా పాత అలవాటు ప్రకారం వంటింటి క్యాలెండర్‌లోనే రాసుకున్నారు.

రెండో ఏడు మేము పంచాంగం ముందు పెట్టుకుని కూర్చున్నాం. అమావాస్య, పౌర్ణమి, ఏకాదశులు, పండుగలు గళ్లలో వేశాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మన గడియారానికీ ఇక్కడి గడియారానికీ గంటన్నర తేడా. ఈ దేశపు సమయాలతో చూస్తే తిథి ఒక్కోసారి ముందు రోజుకు జరిగినట్టు కనబడుతుంది. క్యాలెండర్ వేలాడేది ఊళ్లో కాబట్టి ఊరి పంచాంగమే చూసి వేయాలి. ఇక రాహుకాలం మామూలు వాడుక లెక్కలో వారానికి ఏడే. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర, బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర, గురువారం ఒకటిన్నర నుంచి మూడు, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. ఈ ఏడూ ప్రతి పేజీ అడుగున ఒక్క వరుసలో పట్టేస్తాయి. గళ్లు కూడా పెద్దవి చేయించాం, పెన్నుతో రాయడానికి చోటుండేలా.

2018 జనవరి రెండో వారంలో అమ్మ చెప్పింది: "మీ నాన్న పాల లెక్క కొత్త క్యాలెండర్ మీదకు మార్చారు." ఆ మాట విన్న రోజు మేము బయట భోజనం చేశాం.

ఏడాది వెనక ఉండే పిల్లలు

ఈ క్యాలెండర్‌లో ఒక చిత్రం ఉంది. జనవరి పేజీలో భోగిపళ్ల ఫొటో పెడతాం. నెత్తి మీద నుంచి రేగిపళ్లు, చిల్లర, బంతిపూల రేకులు జారుతుంటే పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని ఉంటుంది. అయితే ఆ ఫొటో పోయిన భోగిది. ఈ ఏటి భోగి ఫొటో వచ్చే ఏటి క్యాలెండర్‌కి గాని రాదు. అంటే గోడ మీద ఉన్న పిల్లలు ఎప్పుడూ నిజం పిల్లల కంటే ఏడాది చిన్న.

ఇది 2019లో మా అత్తగారి దగ్గర బయటపడింది. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 6న వచ్చింది. ఆవిడ మనవరాలికి పరికిణీ కుట్టి పంపారు. మమ్మల్ని కొలతలు అడగలేదు. మార్చి పేజీలో పాప ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని నిలబడిన ఫొటో ఉంది. అలాంటి కుర్చీయే వాళ్లింట్లోనూ ఉంది. ఆవిడ ఆ కుర్చీ ఎత్తు కొలిచి, పిల్ల ఎంత ఉంటుందో లెక్క కట్టి కుట్టారట. లెక్క సరిగ్గానే ఉంది, కానీ అది ఏడాది కిందటి పిల్లకు. ఈలోగా పాప 8 సెంటీమీటర్లు పెరిగింది. పరికిణీ పిక్కల మీదకే వచ్చింది. పాప దాన్నే రెండు నెలలు విప్పకుండా తొడుక్కుంది, అది వేరే సంగతి.

అప్పటి నుంచి మా వంటింటి తలుపు పక్కన గోడ మీద పెన్సిల్ గీతలు మొదలయ్యాయి. నెల మొదటి ఆదివారం పిల్లల్ని నిలబెట్టి గీత గీస్తాం. క్యాలెండర్ ప్రతి పేజీలో ఫొటో కింద ఆ రోజు ఎంత ఎత్తు, ఎంత బరువు అని వేస్తాం. డిసెంబరు 31 నాటి కొలతలు వేరే కాగితం మీద రాసి క్యాలెండర్‌తో పాటు పంపుతాం. ఇప్పుడు అత్తయ్యగారు కుట్టేవన్నీ సరిపోతున్నాయి. ఒక మడత ఎక్కువే వేసి కుడతారు.

చిన్నపిల్లల్ని ఫొటో తీయడం ఎలా

మేము స్టూడియో వాళ్లం కాదు. మొదట మా దగ్గర ఉన్నది పాతది కొన్న చిన్న కెమెరా, 2019 నుంచి అంతా ఫోనే. పదేళ్లలో మాకు అనుభవం మీద తెలిసినవి కొన్ని చెబుతాం.

మొదటిది వెలుతురు. మేముండేది పాత బిల్డింగులో ఒకే పడకగది ఫ్లాటు. ముందు గదికి ఒక్కటే కిటికీ. ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ కిటికీ పక్కన పడే వెలుతురు ఏ స్టూడియో లైటుకీ తీసిపోదు. పిల్లను కిటికీకి ఎదురుగానో, పక్కకు తిరిగో కూర్చోబెట్టాలి. కిటికీ పిల్ల వెనక ఉంటే మొహం నల్లగా వస్తుంది. ఫ్లాష్ వాడం. వెలుతురు పడి కళ్లు ఎర్రగా వస్తాయి, పిల్లలు కూడా ఉలిక్కిపడతారు. గదిలో ట్యూబులైటు ఆపేస్తే రంగులు ఇంకా శుభ్రంగా వస్తాయి.

రెండోది ఎత్తు. మనం నిలబడి తీస్తే పిల్లల నడినెత్తి, కింద గచ్చు తప్ప ఏమీ రావు. మోకాళ్ల మీద కూర్చోవాలి. పాకే పిల్లలైతే మనమూ బోర్లా పడుకోవాలి. పార్కులో ఆఫీసు ప్యాంటుతో గడ్డిలో పడుకున్న మనిషిని చూసి వాచ్‌మన్ దగ్గరకొచ్చి పలకరించిన రోజులున్నాయి.

మూడోది సమయం. నిద్ర లేచి, పాలు తాగి, స్నానం చేశాక వచ్చే మొదటి పావుగంట పిల్లల మంచి సమయం. ఆ పావుగంట దాటితే ఇక బలవంతం చేయకూడదు. చలికాలంలో బయట తీయాలంటే సాయంత్రం నాలుగు నుంచి ఐదు మధ్య మంచిది. డిసెంబరులో ఇక్కడ ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. వేసవిలో బయట నలభై డిగ్రీల పైన ఉంటుంది కాబట్టి మే నుంచి సెప్టెంబరు దాకా ఫొటోలన్నీ ఇంట్లోవే. నీళ్ల బకెట్టు, బియ్యం డబ్బా, దుప్పటితో కట్టిన గుడారం మా వేసవి పార్కులు.

నాలుగోది వయసును బట్టి ఉపాయం. పది నెలల పిల్ల కెమెరా వైపు చూడదు, తాళంచెవుల చప్పుడు వైపు చూస్తుంది. అందుకని ఇద్దరు కావాలి. ఒకరు కెమెరా వెనక, ఇంకొకరు ఆ కెమెరా పైన తాళాలు ఆడిస్తూ ఉండాలి. రెండేళ్ల పిల్లను నిలబెట్టలేం, పని ఇవ్వాలి. బఠాణీలు ఒలవమంటే, వెల్లుల్లి పొట్టు తీయమంటే ఇరవై నిమిషాలు కదలదు. నాలుగేళ్లు వచ్చేసరికి కెమెరా చూడగానే పళ్లన్నీ బయట పెట్టి ఒక దొంగ నవ్వు నవ్వుతారు. ఆ నవ్వు ఒకటి తీసి, "అయిపోయింది" అని చెప్పాలి. అయిపోయిందనుకున్నాక వచ్చే మొహమే అసలు మొహం. ఆరేళ్లకు బేరం మొదలవుతుంది. మా బాబు ఇప్పుడు ఫొటోకు ఒక ఐస్‌క్రీం అడుగుతున్నాడు. పాప ఏ ఫొటో క్యాలెండర్‌లో వేయాలో తానే చెబుతుంది. తనకు నచ్చనిది వేయం.

పరుగెత్తే పిల్లల ఫొటో మసకగా రాకుండా ఉండాలంటే షట్టర్ వేగం సెకనులో 250వ వంతు, వీలైతే 500వ వంతు ఉండాలి. ఫోనులో అంత సర్దుకునే వీలు లేకపోతే ఎండ ఉన్న చోట తీస్తే ఫోనే ఆ వేగం పట్టుకుంటుంది. ఒకటి కాదు, వరసగా పది నొక్కండి. తొమ్మిది పోయినా ఒకటి మిగులుతుంది. నెలాఖరున అయిదు మాత్రం ఉంచి వేరే ఫోల్డర్లో దాచుకోండి. డిసెంబరులో నాలుగు వేల ఫొటోల ముందు కూర్చుంటే తెల్లారిపోతుంది.

ఇతరుల పిల్లల విషయం

ఈ దేశంలో అనుమతి లేకుండా ఇతరులను ఫొటో తీయడం, ఆ ఫొటో పంచడం నేరం. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన సైబర్ నేరాల చట్టంలో జైలుశిక్ష, పెద్ద జరిమానా ఉన్నాయి. మన పిల్లను తీస్తుంటే వెనక బెంచీ మీద వేరే కుటుంబం ఉంటే మేము అటు నుంచి ఇటు మారతాం, లేదా వాళ్లు లేచేదాకా ఆగుతాం. ప్రభుత్వ భవనాలు, పోలీసు, మిలిటరీ చోట్ల కెమెరా తీయం. పుట్టినరోజు వేడుకల్లో పక్కవాళ్ల పిల్లలు ఫొటోలో ఉంటే వాళ్ల అమ్మానాన్నలను అడిగాకే వాడతాం. మన పిల్లల ఫొటోలు కూడా ఊరందరూ చూసే చోట పెట్టం. క్యాలెండర్ రెండు ఇళ్ల గోడల మీద ఉంటే చాలు.

అచ్చు వేయించేటప్పుడు

మా క్యాలెండర్ ఏ3 సైజు. అందులో పై సగం ఫొటో, కింద సగం తేదీలు. అంటే ఫొటోకు దాదాపు ఏ4 కాగితం అంత చోటు. అంగుళానికి 300 చుక్కల లెక్కన మంచి అచ్చు రావాలంటే ఫొటో 3508 బై 2480 పిక్సెళ్లు ఉండాలి. ఇప్పటి ఫోన్లు చాలావరకు ఇంత ఇస్తాయి. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. స్టూడియోకు పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేదా ఈమెయిల్ చేయండి. మెరిసే కాగితం వద్దు, దాని మీద పెన్ను జారుతుంది, ట్యూబులైటు పడి బొమ్మ కనబడదు. మెరుపు లేని మందపాటి కాగితం చెప్పండి. పైన స్పైరల్ బైండింగు చేయిస్తే పేజీ వెనక్కి తిప్పుకోవచ్చు. మన పెద్దవాళ్లు పేజీ చించరు.

మొదటి నాలుగేళ్లు షార్జా రోలాలో వేయించి ఊరు వెళ్లేవాళ్ల చేత పంపాం. ఆ తర్వాత నుంచి ఫైలు ఇక్కడ తయారు చేసి పాలకొల్లు స్టూడియోకు పంపుతున్నాం. ఖర్చు సగం కూడా కాదు, దారిలో నలగదు. డిసెంబరు 15 లోపు పంపితే 25కల్లా గోడెక్కుతుంది.

2020 సంవత్సరం

ఇక అసలు చెప్పాలనుకున్నది. గల్ఫ్ నుంచి ఇంటికి పంపే ఫొటో అంటే మనకు ఒక పద్ధతి ఉంది. వెనక పెద్ద భవనమో, ఫౌంటెనో ఉండాలి. పిల్లలకు కొత్త బట్టలు ఉండాలి. అందరూ నవ్వాలి. మా క్యాలెండర్లూ అల్ మజాజ్ ఒడ్డున, మామ్జార్ బీచిలో తీసినవాటితోనే నిండేవి. అవి అబద్ధం కాదు, నెలకొకసారి మేము అక్కడికి వెళ్లేది నిజమే. అయితే వాటిని చూసి చుట్టాల్లో కొందరు మాకు బాగా కలిసొచ్చిందని అనుకున్నారు. చీటీ ఎత్తినప్పుడు, పెళ్లి ఖర్చు వచ్చినప్పుడు ఆ మాట మాదాకా వచ్చేది. కుటుంబాన్ని ఇక్కడ పెట్టుకోవాలంటే నాలుగు వేల దిర్హాముల జీతమో, లేకపోతే మూడు వేలూ కంపెనీ ఇల్లూ ఉండాలన్న నిబంధన దగ్గర మేము ఎంత సన్నటి గీత మీద నడుస్తున్నామో ఫొటోలో కనబడదు కదా.

2020లో కరోనా వచ్చింది. ఏప్రిల్‌లో మాలో ఒకరి ఉద్యోగం పోయింది. ఇంకొకరి జీతం సగమైంది. అద్దె సగం కాలేదు. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. పేర్లు నమోదు చేయించుకుని ఎదురుచూస్తే జూన్‌లో సీట్లు దొరికాయి. తల్లీ పిల్లలూ హైదరాబాద్‌లో దిగి, క్వారంటైన్ ముగించుకుని రాజోలు చేరారు. పాపకు నాలుగేళ్లు, బాబుకు పది నెలలు. మాలో ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ. షార్జాలో ఫ్లాటు ఖాళీ చేసి ఒక బెడ్‌స్పేసు తీసుకున్నాం.

అప్పటికి నాన్నగారికి టచ్ ఫోను కొనిచ్చి ఏడాదైంది. ఆ అయిదు నెలలు పిల్లల ఫొటోలు తీసింది ఆయనే. రోజుకు ముప్పై నలభై వచ్చేవి. మూలకు బొటనవేలు, సగం తల, పిల్లల వీపులు. పాప కళ్లాపి చల్లుతుంటే ఒకటి. బాబు గేదె తొట్టి పట్టుకుని మొదటిసారి నిలబడితే ఒకటి. ఇద్దరూ కొబ్బరిమట్ట మీద కూర్చుని అన్నం తింటుంటే ఒకటి, అందులో కుక్క కూడా ఉంది. చొక్కా బొత్తాలు ఉండవు, ముక్కు కారుతూ ఉంటుంది, మోకాలికి పసుపు రాసి ఉంటుంది. బాబు మొదటి అడుగు షార్జాలో బెడ్‌స్పేసు మంచం మీద కూర్చుని మేము చూసింది ఆ ఫోను పంపిన ఫొటోలోనే. మసకగా ఉంది. ఆ ఫొటో ఎవరెంత ఇచ్చినా మేము మార్చుకోం.

నవంబరులో విమానాలు దొరికి పిల్లలు తిరిగి వచ్చారు. 2021 క్యాలెండర్‌లో జూన్ నుంచి నవంబరు దాకా పేజీలన్నీ నాన్నగారు తీసినవే వేశాం, కింద చిన్న అక్షరాల్లో "ఫొటో: రాజోలు తాతయ్య" అని. ఆయనకు అది అందిన రోజు వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించారట. అమావాస్యల గురించి మాట్లాడలేదు.

అప్పటి నుంచి మా క్యాలెండర్ తీరు వేరు. ఒకటి రెండు పార్కు ఫొటోలు ఉంటాయి. మిగతావి స్కూలు బస్సు కోసం బిల్డింగు కింద నిలబడినవి, జ్వరం వచ్చి లేచిన మర్నాడు గంజి తాగుతున్నవి, పై బెర్తు లాంటి మంచం మీద ఇద్దరూ కాళ్లు అటూ ఇటూ వేసి పడుకున్నవి. పిల్లలు ఎలా బతుకుతున్నారో పెద్దవాళ్లకు తెలుస్తోంది. మేము ఎలా బతుకుతున్నామో చుట్టాలకూ తెలిసింది. ఆ పాత మాట మళ్లీ ఎవరూ అనలేదు.

2023 సెప్టెంబరు

నాన్నగారు 2023 సెప్టెంబరులో పోయారు. గుండెపోటు. మేము వెళ్లేసరికి రెండు రోజులైంది. అన్నీ అయ్యాక ముందు గదిలో క్యాలెండర్ దగ్గర నిలబడ్డాం. పాప వంటింట్లో చపాతీ పిండి మొహానికి పూసుకున్న ఫొటో. కింద గళ్లలో ఒకటో తేదీ నుంచి పద్నాలుగు దాకా ఆయన చేతిరాత. పాలు అర, పాలు అర, పాలు లీటరు. ఏడో తేదీన "దింపు 340". పద్నాలుగు తర్వాత గళ్లు తెల్లగా ఉన్నాయి.

అమ్మ పాత క్యాలెండర్లు ఒక్కటీ పారేయలేదు. అన్నీ చుట్ట చుట్టి మంచం కింద ట్రంకు పెట్టెలో పెట్టింది. వాటిని తీసి చూశాం. ఏడు క్యాలెండర్లలో ఎనభై నాలుగు ఫొటోలు. ఆయన తీసినవే అందులో ఆరు, ఆయన ఉన్నది ఒక్కటి. 2021 అక్టోబరు పేజీ. కళ్లంలో ధాన్యం ఎండబోసి ఉంది, పిల్లలిద్దరూ దాంట్లో కూర్చున్నారు. వాళ్ల మీదుగా ఒక పొడుగాటి నీడ. పంచె కట్టుకుని, రెండు చేతులూ మొహం దగ్గరకు ఎత్తి ఫోను పట్టుకున్న మనిషి నీడ. పాపకు చూపిస్తే, "తాతయ్య" అంది వెంటనే.

ఆ పేజీని విడిగా పెద్దదిగా అచ్చు వేయించి ఒకటి అమ్మకిచ్చాం, ఒకటి ఇక్కడ మా గదిలో పెట్టుకున్నాం. 2024 నుంచి క్యాలెండర్‌లో ఏటా రెండు పేజీలు పెద్దవాళ్లవి. ఊరు వెళ్లినప్పుడు మేము తీసేవి కొన్ని, వెళ్లని ఏడాది తోడికోడలు తీసి పంపేవి కొన్ని. అమ్మ మొదట ఒప్పుకోలేదు. "నా మొహం నేనే చూసుకుంటూ పాల లెక్క రాసుకోవాలా?" అంది. ఇది నీ కోసం కాదు, పిల్లల కోసం ఇంకొకటి వేయిస్తున్నాం, అది షార్జాలో ఉంటుంది అని చెబితే కొప్పు సర్దుకుని కూర్చుంది. ఇప్పుడు మూడు కాపీలు వేయిస్తున్నాం.

ఒంటరిగా ఉండే మిత్రులకు

ఈ పత్రిక చదివేవాళ్లలో ఎక్కువమంది పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చినవాళ్లే. మీకు ఈ క్యాలెండర్ అటు నుంచి ఇటు రావాలి. సోనాపూర్ క్యాంపులో ఉండే మా ఊరి డ్రైవర్ ఒకాయన రెండేళ్ల కిందట మమ్మల్ని అడిగాడు. వాళ్లావిడ పంపిన ఫొటోలు డాక్యుమెంట్లుగా మళ్లీ పంపించుకుని, మేము పేజీలు సర్ది ఇచ్చాం. క్యాంపులో మంచం పక్క గోడకు పట్టేలా ఏ4 సైజులో వేయించుకున్నాడు. ఇంటావిడకు ఆయన చెప్పింది ఒకటే, "పిల్లలకు కొత్త బట్టలు వేసి తీయకు, హోంవర్క్ రాసుకుంటుంటే తీయి." ఇప్పుడు రోజూ డ్యూటీ నుంచి వచ్చి ఒక గడి కొట్టేస్తాడు. సెలవు తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టాడు. ఆయన గదిలో ఎనిమిది మంది. ఆ ఎనిమిది మందికీ ఇప్పుడు ఆ పిల్లల పేర్లు తెలుసు, ఏ పిల్లకు పన్ను ఊడిందో తెలుసు.

ఖరీదైన కెమెరా అక్కర్లేదు. డిజైను తెలియకపోయినా స్టూడియో వాళ్లు సర్దిపెడతారు. కావలసిందల్లా నెలకు అయిదు ఫొటోలు దాచుకోవడం, డిసెంబరు మొదటి వారంలో ఒక రాత్రి కూర్చోవడం. ఫొటో కింద తేదీ, ఊరు, పిల్లల ఎత్తు రాయడం మరవకండి. తీసినవాళ్ల పేరు కూడా రాయండి. గళ్లు పెద్దవిగా వేయించండి. పెద్దవాళ్లు రాసుకోవాలి కదా.